అవార్డు బరిలోని లఘుచిత్రాన్ని ఎలా చూడాలి? ఎలా తీర్పు చెప్పాలి?

సూరత్ నగరంలోని వడోద్, బమ్రోలి, పాండేసరా ప్రాంతాల్లో జీవనమంతా బట్ట చుట్టూ తిరుగుతుంది. ఒకవైపు మరమగ్గాల షెడ్లు, మరోవైపు అద్దకపు మిల్లులు, వాటి నడుమ కార్మికుల అద్దె గదులు. ఒడిశా, ఉత్తర్‌ప్రదేశ్, బిహార్, మహారాష్ట్రల నుంచి వచ్చినవారితో పాటు తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చిన నేత కుటుంబాలు కూడా ఈ నగరంలో తరాలుగా స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ నడిపే పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉండటమే ఇందుకు నిదర్శనం. సిరిసిల్లలో మాదిరిగానే ఇక్కడి తెలుగువారి నోట కూడా మరమగ్గం 'సాంచ'గానే వినిపిస్తుంది.

పన్నెండు గంటల షిఫ్టు ముగించుకుని గదికి చేరిన మనిషికి మూడు గంటల సినిమా చూసే ఓపిక ఉండదు. ఇరవై నిమిషాల లఘుచిత్రానికి మాత్రం తీరిక చిక్కుతుంది. 2025 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైన 'అనూజ' అటువంటి చిత్రమే. దిల్లీలోని ఒక దుస్తుల కార్ఖానాలో అక్కతో కలిసి పనిచేసే తొమ్మిదేళ్ల బాలిక కథ అది. ఆస్కార్‌కు నామినేట్ అయింది, అవార్డు మాత్రం దక్కలేదు.

బట్టల కార్ఖానా లోపలి జీవితం తెలిసిన ప్రేక్షకుడికి ఈ చిత్రాన్ని చూశాక కొన్ని ప్రశ్నలు కలగడం సహజం. ఈ చిత్రం నిజంగా బాగుందా, లేక మన కథ కావడం వల్ల బాగున్నట్లు అనిపించిందా? ఎక్కడో లాస్ ఏంజెలెస్‌లో ఓటు వేసేవారు దేనిని చూసి తీర్పు చెబుతారు? వారి తీర్పు ముందు వడోద్‌లోని ప్రేక్షకుడి తీర్పుకు విలువ ఉందా? ఈ ప్రశ్నలకు సమాధానం వెతకాలంటే ముందుగా లఘుచిత్రం స్వరూపాన్నీ, అవార్డుల పద్ధతినీ తెలుసుకోవాలి.

లైవ్ యాక్షన్ లఘుచిత్రం అంటే ఏమిటి?

ఆస్కార్ అవార్డుల్లో లఘుచిత్రాలకు మూడు విభాగాలున్నాయి. గీసిన బొమ్మలతోనో, కంప్యూటర్ సాయంతోనో ప్రాణం పోసినవి యానిమేషన్ కిందకు వస్తాయి. వాస్తవ వ్యక్తులను, వాస్తవ ఘటనలను చూపేవి డాక్యుమెంటరీలు. నటీనటులతో చిత్రీకరించిన కథాచిత్రాలు లైవ్ యాక్షన్ విభాగంలోకి చేరతాయి.

ఈ తేడాను సూరత్ పాఠకులకు దగ్గరి ఉదాహరణతో చెప్పవచ్చు. రాహుల్ జైన్ దర్శకత్వంలో 2016లో వచ్చిన 'మెషీన్స్' గుజరాత్‌లోని ఒక వస్త్ర కర్మాగారంలో చిత్రీకరించిన డాక్యుమెంటరీ. అందులో కనిపించేవారు నటులు కారు, అక్కడ పనిచేసే కార్మికులే. 'అనూజ'లోని కార్ఖానా మాత్రం కథ కోసం అమర్చినది, అందులోని మాటలు రాసుకున్నవి. మొదటిదాన్ని చూసేటప్పుడు 'ఇది ఎంతవరకు నిజం?' అని అడుగుతాం. రెండోదాన్ని చూసేటప్పుడు 'ఇది ఎంతవరకు నమ్మదగినదిగా ఉంది?' అని అడగాలి. ఈ రెండు ప్రశ్నలను కలగాపులగం చేస్తే తీర్పు తప్పుతుంది.

నిడివి విషయంలో ఒక్కో వేదికది ఒక్కో నియమం. ఆస్కార్‌లో టైటిళ్లతో కలిపి 40 నిమిషాలు మించరాదు. మన జాతీయ చలనచిత్ర అవార్డుల్లో ఉత్తమ లఘుచిత్రానికి 30 నిమిషాల పరిమితి ఉంది. కాన్స్ చిత్రోత్సవంలోని లఘుచిత్రాల పోటీకి 15 నిమిషాలే గడువు. అందువల్ల ఒకచోట 'లఘు' అనిపించుకున్న చిత్రం మరోచోట పోటీకే అర్హం కాకపోవచ్చు.

ఈ అవార్డుకు చరిత్ర కూడా సుదీర్ఘమైనదే. 1932 నవంబరులో జరిగిన అయిదో ఆస్కార్ వేడుకలో లఘుచిత్రాలకు తొలిసారి అవార్డులిచ్చారు. హాస్య విభాగంలో లారెల్, హార్డీల 'ది మ్యూజిక్ బాక్స్' గెలిచింది. ఒక పియానోను పొడవాటి మెట్ల మీదుగా పైకి చేర్చడమే ఆ చిత్రంలోని కథంతా. లఘుచిత్రానికి ఒక్క పని, ఒక్క అడ్డంకి చాలునని ఆనాడే రుజువైంది.

బరిలోకి ఎలా చేరుతుంది?

ఆస్కార్ పోటీలో అడుగుపెట్టడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి. అకాడమీ గుర్తించిన చిత్రోత్సవంలో అర్హతనిచ్చే బహుమతి పొందడం మొదటిది. నిర్దేశించిన అమెరికా నగరంలోని థియేటర్‌లో వరుసగా ఏడు రోజులు టికెట్టుపై ప్రదర్శించడం రెండోది. విద్యార్థులకిచ్చే స్టూడెంట్ అకాడమీ అవార్డుల్లో పతకం సాధించడం మూడోది. మన దేశంలో బెంగళూరు అంతర్జాతీయ లఘుచిత్రోత్సవానికి ఈ గుర్తింపు ఉంది.

అలా అర్హత పొందిన నూటికి పైగా చిత్రాల నుంచి 15 చిత్రాలతో ఒక జాబితా ప్రకటిస్తారు. వాటిలో అయిదు నామినేషన్ పొందుతాయి. ఆ అయిదింటిలో ఒకటి విజేత. అయితే సమాన ఓట్లు వస్తే ఇద్దరికీ ఇస్తారు. 1995లో పీటర్ కపాల్డి తీసిన 'ఫ్రాంజ్ కాఫ్కాస్ ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్', 'ట్రెవర్' చిత్రాలు ఇలాగే అవార్డును పంచుకున్నాయి.

ఈ మెట్లు ఎక్కిన భారతీయ కథలు తక్కువే. అశ్విన్ కుమార్ 2004లో తీసిన 'లిటిల్ టెర్రరిస్ట్' నామినేషన్ దాకా వెళ్లింది. క్రికెట్ బంతి కోసం సరిహద్దు దాటి రాజస్థాన్‌లోకి వచ్చిన పాకిస్తానీ బాలుడి కథ అది. కరిష్మా దేవ్ దూబే 'బిట్టు' 2021 ఆస్కార్ తుది వడపోత జాబితాలో నిలిచినా నామినేషన్ అందుకోలేదు. 2013లో బిహార్‌లోని ఒక పాఠశాలలో విషపూరితమైన మధ్యాహ్న భోజనం తిని పిల్లలు మరణించిన ఘటన దానికి ప్రేరణ. చిదానంద ఎస్. నాయక్ పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉండగా తీసిన కన్నడ చిత్రం 'సన్‌ఫ్లవర్స్ వర్ ద ఫస్ట్ వన్స్ టు నో' 2024లో కాన్స్ చిత్రోత్సవపు 'లా సినెఫ్' విభాగంలో ప్రథమ బహుమతి పొందింది.

ఒకే పళ్లెంలో అయిదు రుచులు

2025 మార్చిలో జరిగిన 97వ ఆస్కార్ వేడుకకు నామినేట్ అయిన అయిదు లైవ్ యాక్షన్ చిత్రాలను పక్కపక్కన పెడితే న్యాయనిర్ణయం ఎంత కష్టమో అర్థమవుతుంది. అయిదింటినీ వరుసగా చూసినా పట్టే సమయం ఒక మామూలు తెలుగు సినిమా కన్నా తక్కువే.

ఆడమ్ జె. గ్రేవ్స్ దర్శకత్వం వహించిన 'అనూజ'లో గణితంలో దిట్ట అయిన బాలికకు వసతి పాఠశాలలో చేరే పరీక్ష రాసే అవకాశం వస్తుంది. అదే సమయంలో కార్ఖానా యజమాని ఆమె తెలివిని తన లెక్కలకు వాడుకోవాలని చూస్తాడు. డచ్ చిత్రం 'ఐ యామ్ నాట్ ఎ రోబో'లో ఒక సంగీత నిర్మాత కంప్యూటర్ అడిగే 'మీరు మనిషేనా?' పరీక్షలో పదేపదే విఫలమై, తన ఉనికినే అనుమానించడం మొదలుపెడుతుంది. 'ఎ లియన్'లో అమెరికాలో శాశ్వత నివాస అనుమతి ఇంటర్వ్యూకు వెళ్లిన కుటుంబం ఊహించని చిక్కులో పడుతుంది. దక్షిణాఫ్రికా చిత్రం 'ది లాస్ట్ రేంజర్' ఖడ్గమృగాల వేట నేపథ్యంలో ఒక చిన్నారి కళ్లతో సాగుతుంది. క్రొయేషియా దర్శకుడు నెబోయ్షా స్లియెప్చెవిచ్ తీసిన 'ది మ్యాన్ హు కుడ్ నాట్ రిమెయిన్ సైలెంట్' 1993లో బోస్నియాలోని ష్ట్రుప్సి వద్ద సాయుధులు ఒక రైలును ఆపి ప్రయాణికులను దించిన వాస్తవ ఘటన ఆధారంగా రూపొందింది. కాన్స్‌లో లఘుచిత్రాల అత్యున్నత బహుమతి అప్పటికే దానికి దక్కింది.

బాలకార్మిక వ్యవస్థ, కృత్రిమ మేధ, వలస చట్టం, వన్యప్రాణుల వేట, జాతి హింస. ఇవన్నీ ఒకే త్రాసులో ఎలా తూగుతాయి? విక్టోరియా వార్మర్‌డామ్ తీసిన 'ఐ యామ్ నాట్ ఎ రోబో' విజేతగా నిలిచింది. అయిదింటిలో పత్రికా వార్తలకు అంతగా అందని, వింతైన కథాంశం దానిదే. విషయం బరువు ఒక్కటే ఓట్లు తెచ్చిపెట్టదని ఈ ఫలితం చెబుతోంది.

చూసేటప్పుడు దేనిని గమనించాలి?

మొదటిది ఆరంభం. పెద్ద సినిమాకు పాత్రలను పరిచయం చేయడానికి అరగంట వెసులుబాటు ఉంటుంది. లఘుచిత్రానికి ఒకటి రెండు నిమిషాలే. ఎవరు, ఎక్కడ, ఏమి కోరుకుంటున్నారు అన్నది ఆలోపే తెలియాలి. 1956 నాటి ఫ్రెంచ్ చిత్రం 'ది రెడ్ బెలూన్'లో ఒక బాలుడికి ఎర్రటి బెలూన్ దొరుకుతుంది, అది అతన్ని విడవకుండా వెంబడిస్తుంది. దాదాపు మాటలే లేని 34 నిమిషాల ఆ చిత్రం ఉత్తమ స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ గెలుచుకుంది. రచన అంటే సంభాషణలు మాత్రమే కాదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

రెండోది మలుపు. లఘుచిత్రం సాధారణంగా ఒక్క మలుపునే మోయగలదు. ఆ మలుపు ప్రేక్షకుడిని ఉలిక్కిపడేలా చేసి వదిలేస్తుందా, లేక అప్పటిదాకా చూసినదానికి కొత్త అర్థం ఇస్తుందా అన్నది చూడాలి. ఉరిశిక్ష పడిన మనిషి కథగా రాబర్ట్ ఎన్రికో తీసిన 'యాన్ అకరెన్స్ ఎట్ ఔల్ క్రీక్ బ్రిడ్జ్' 1964లో ఆస్కార్ అందుకుంది. దాని ముగింపు తెలిసిన తరువాత రెండోసారి చూసినా పట్టు సడలదు. మంచి మలుపుకు అదే పరీక్ష. రహస్యం తెలిశాక మళ్లీ చూడబుద్ధి కాని చిత్రానికి మార్కులు తగ్గించడంలో తప్పులేదు.

మూడోది దృష్టికోణం. కథ ఎవరిది, కెమెరా ఎవరి పక్కన కూర్చుంది అన్నవి వేర్వేరు ప్రశ్నలు. క్రొయేషియా చిత్రంలో అన్యాయాన్ని ఎదిరించిన వ్యక్తి ఒకరు. కానీ చిత్రం ఎక్కువగా నడిచేది అదే పెట్టెలో మౌనంగా ఉండిపోయిన మరొక ప్రయాణికుడి వైపు నుంచి. ఆ ఒక్క నిర్ణయంతో అది వీరగాథ కాకుండా, 'నేనైతే ఏమి చేసేవాణ్ని?' అని ప్రేక్షకుడు తనను తాను అడిగే చిత్రమైంది. దర్శకుడి ప్రతిభను పసిగట్టాల్సింది ఇటువంటి చోటే.

నాలుగోది నటన. ముఖ్యంగా పిల్లల నటన. 'అనూజ'లో ప్రధాన పాత్ర పోషించిన సజ్దా పఠాన్ దిల్లీలోని సలాం బాలక్ ట్రస్ట్ ఆశ్రయం పొందిన బాలిక. ఆమె జీవిత నేపథ్యం మనసును కదిలిస్తుంది. అయినా న్యాయనిర్ణేత చూడవలసింది తెరపై ఆమె చూపు, నిదానం, అక్క పాత్రధారి అనన్య శాన్‌భాగ్‌తో కుదిరిన చనువు. నేపథ్యంపై కలిగిన సానుభూతిని నటనకు వేసే మార్కుల్లో కలపకూడదు. అలా కలిపితే ఆ చిన్నారి పనితనాన్ని తక్కువ చేసినట్లే అవుతుంది.

అయిదోది శబ్దం. సాంచాల మధ్య బతికేవారికి ఈ విషయం వేరే చెప్పనక్కరలేదు. షెడ్డులో పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా గొంతు పెంచాలి, లేదా సైగ చేయాలి. కార్ఖానా దృశ్యంలో పాత్రలు తీరిగ్గా గుసగుసలాడితే అక్కడి రణగొణధ్వని ఏమైందని అడిగే హక్కు ఆ ప్రేక్షకుడికి ఉంది. నగరంలోని విమర్శకుడు గుర్తించని లోపాన్ని నేత కార్మికుడు ఒక్క క్షణంలో పట్టగలడు.

ఆరోది ముగింపు. అనూజ ఏ దారి పట్టిందో తేల్చకుండానే చిత్రం ముగుస్తుంది. అసంపూర్ణంగా వదిలేయడం వేరు, ప్రశ్నను ప్రేక్షకుడి చేతిలో పెట్టడం వేరు. రెండు దారుల్లోనూ ఏమి పోతుందో చిత్రం ముందే చూపించి ఉంటే ఆ మౌనం న్యాయమైనది. చూపించకుండా ఆపేస్తే అది తప్పించుకోవడమే. 'అనూజ' వీటిలో ఏ కోవకు చెందుతుందన్నది చూసినవారు తేల్చుకోవలసిన విషయం.

విషయం గొప్పదైతే చిత్రం గొప్పదేనా?

అవార్డుల వడపోతలో ఎక్కువగా ఎదురయ్యే చిక్కు ఇది. బాధితుల కథను తిరస్కరించడం బాధితులనే తిరస్కరించినట్లుగా తోస్తుంది. అందువల్ల బలహీనమైన చిత్రానికీ మంచి ఉద్దేశం పేరిట మార్కులు పడుతుంటాయి.

దీని నష్టం ఎవరికి? పేదల జీవితాన్ని శ్రద్ధగా, నిజాయితీగా తెరకెక్కించినవారికే. కన్నీరు తెప్పించడమే ప్రమాణమైతే, కష్టాన్ని పెంచి చూపినవాడు గెలుస్తాడు, కొలిచి చూపినవాడు ఓడిపోతాడు. కార్మికుడు తెరమీద దీనంగా కనిపిస్తేనే అవార్డు వస్తుందన్న అభిప్రాయం బలపడితే, అతని చమత్కారం, పనితనం, పంతం తెరకెక్కవు. మీటరు లెక్కన కూలి తీసుకుంటూ పిల్లలను చదివించుకునే కుటుంబంలో దిగులుతో పాటు నవ్వులూ ఉంటాయి. 'అనూజ'లో అక్కాచెల్లెళ్ల మధ్య సాగే సరదా సన్నివేశాలు ఆ చిత్రానికి బలమని చెప్పడానికి కారణం ఇదే.

దీనికి రెండోవైపు కూడా ఉంది. విషయాన్ని పూర్తిగా పక్కనపెట్టి, కెమెరా పనితనాన్ని మాత్రమే తూచడమూ సరికాదు. ఏ కథను ఎంచుకున్నారన్నది కూడా కళాకారుడి నిర్ణయమే. కాబట్టి విషయాన్ని ఒక ప్రమాణంగా ఉంచాలి, ఏకైక ప్రమాణంగా కాదు.

ఓట్ల లెక్కలోనూ కిటుకుంది

తుది దశలో ఆస్కార్ ఉత్తమ చిత్రం విభాగంలో ఓటర్లు సినిమాలకు వరుస సంఖ్యలు ఇస్తారు. లఘుచిత్రాలతో సహా మిగతా విభాగాల్లో ఒక్కదానికే ఓటు. ఎక్కువ ఓట్లు వచ్చినది విజేత. అయిదు చిత్రాలు పోటీపడినప్పుడు నూరు ఓట్లు 21, 20, 20, 20, 19గా చీలితే, 79 మంది ఎంచుకోని చిత్రమే గెలుస్తుంది. అందువల్ల 'ఓడింది' అన్న మాటను బట్టి చిత్రం నాణ్యతను నిర్ణయించలేం.

చిన్న ఉదాహరణ చూద్దాం. పదిమంది కలిసి మూడు చిత్రాలు చూశారనుకోండి. మొదటి చిత్రానికి నలుగురు, రెండోదానికి ముగ్గురు, మూడోదానికి ముగ్గురు ప్రథమ స్థానం ఇచ్చారు. ఒక్క ఓటు పద్ధతిలో మొదటిది గెలుస్తుంది. కానీ మిగతా ఆరుగురూ దానిని చివరి స్థానంలో పెట్టారు. రెండో చిత్రాన్ని ప్రథమంగా ఎంచనివారందరూ దానికి ద్వితీయ స్థానం ఇచ్చారు. ప్రథమ స్థానానికి 3, ద్వితీయానికి 2, తృతీయానికి 1 చొప్పున లెక్కిస్తే మొదటి చిత్రానికి 18, రెండోదానికి 23, మూడోదానికి 19 వస్తాయి. ప్రేక్షకులు అదే పదిమంది, వారి అభిప్రాయాలూ మారలేదు. లెక్క మారగానే విజేత మారింది.

ఓటర్లు అన్ని చిత్రాలూ చూశారా అన్న అనుమానం కూడా చాలాకాలం వినిపించింది. 2026 వేడుక నుంచి అమలయ్యేలా అకాడమీ ఒక నియమం తెచ్చింది. ఒక విభాగంలో తుది ఓటు వేయాలంటే అందులో నామినేట్ అయిన చిత్రాలన్నింటినీ చూసి ఉండాలి. చూడకుండా తీర్పు చెప్పరాదన్న సాధారణ ధర్మం ఇలా నిబంధనగా మారింది.

తెలుగు లఘుచిత్రాల మాటేమిటి?

తెలుగులో లఘుచిత్రానికి యూట్యూబ్ పుట్టినిల్లు వంటిది. 'పెళ్ళిచూపులు' తీసిన తరుణ్ భాస్కర్, 'రన్ రాజా రన్' తీసిన సుజీత్ వంటి దర్శకులు ముందుగా లఘుచిత్రాలతోనే గుర్తింపు పొందారు. దీపక్ రెడ్డి దర్శకత్వంలో 2020లో వచ్చిన 'మనసానమః' కథను వెనుక నుంచి ముందుకు చెబుతుంది. అత్యధిక అవార్డులు పొందిన లఘుచిత్రంగా అది గిన్నిస్ రికార్డుకెక్కింది.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. ఆస్కార్ నియమాల ప్రకారం, అర్హత సాధించకముందే చిత్రం ఇంటర్నెట్‌లోనో టీవీలోనో బహిరంగంగా విడుదలైతే పోటీకి పనికిరాదు. ఉత్సాహం కొద్దీ పూర్తయిన రోజే యూట్యూబ్‌లో పెట్టేస్తే ఆ తలుపు మూసుకుపోయినట్లే. కొత్త దర్శకులు తమకు కావలసింది వెంటనే ప్రేక్షకులా, పోటీల అవకాశమా అన్నది ముందుగానే తేల్చుకోవాలి.

మరొక జాగ్రత్త కూడా అవసరం. ప్రవేశ రుసుము వసూలు చేసి, నెలనెలా పదుల సంఖ్యలో విభాగాలకు అవార్డులు పంచే ఆన్‌లైన్ పోటీలు ఎన్నో ఉన్నాయి. చేతి డబ్బుతో చిత్రం తీసిన యువకులు వాటి ఎరకు చిక్కుతున్నారు. రుసుము కట్టేముందు కొన్ని విషయాలు ఆరా తీయాలి. న్యాయనిర్ణేతల పేర్లు ప్రకటించారా? చిత్రాలను ప్రేక్షకుల ముందు తెరపై ప్రదర్శిస్తారా? గతంలో గెలిచిన చిత్రాలు చూడటానికి దొరుకుతాయా? అకాడమీ గుర్తింపు ఉందని చెప్పుకుంటే, అకాడమీ ప్రకటించే జాబితాలో ఆ పేరు ఉందా? సమాధానం దొరకనిచోట రుసుము కట్టకపోవడమే మేలు.

పదిమంది కలిసి చూడాలంటే

న్యాయనిర్ణయం నేర్చుకోవడానికి పెద్ద వేదిక అక్కరలేదు. సెలవు రోజు సాయంత్రం, వీలైతే కాస్త పెద్ద తెర, రెండు మూడు లఘుచిత్రాలు, పదిమంది ప్రేక్షకులు చాలు. పాటించవలసిన పద్ధతి కూడా సులువైనదే.

ముందుగా ఏ చిత్రానికి ఏ అవార్డు వచ్చిందో చెప్పకుండా చూపాలి. చిత్రం పూర్తికాగానే చర్చకు దిగకుండా, ప్రతి ఒక్కరూ తమకు గుర్తుండిపోయిన ఒక దృశ్యాన్నీ, నమ్మశక్యం కాని ఒక దృశ్యాన్నీ కాగితంపై రాసుకోవాలి. గట్టిగా మాట్లాడేవారి అభిప్రాయం మిగతావారిపై పడకుండా ఇది కాపాడుతుంది. ఆ తరువాత ఆరంభం, మలుపు, దృష్టికోణం, నటన, శబ్దం, ముగింపు అన్న ఆరు అంశాలకు పదేసి మార్కులు వేయాలి. చర్చలో ముందుగా పిల్లలకు, ఆపై మహిళలకు మాట్లాడే అవకాశమివ్వడం మంచిది. ఇళ్లలో సాధారణంగా చివరగా వినబడే గొంతులు అవే. చర్చ ముగిశాక మార్కులు మార్చుకునే స్వేచ్ఛ ఉండాలి, కానీ ఎందుకు మార్చారో చెప్పాలి. వీలైతే గెలిచిన చిత్రాన్ని మరోసారి చూడాలి.

నేసిన బట్టను వెలుతురుకు ఎత్తిపట్టి, తెగిన పోగు ఎక్కడుందో, పేక ఎక్కడ పలచబడిందో చెప్పగలిగిన కళ్లు వడోద్‌లో వేలకు వేలున్నాయి. ఆ చూపుకు కావలసింది పోగుల లోపాలతో పాటు మొత్తం బట్ట ఎలా కుదిరిందో కూడా చూసే అలవాటు. లఘుచిత్రాన్ని తూచడానికి అవసరమైనది కూడా అదే. ఆస్కార్ ఓటు లాస్ ఏంజెలెస్‌లో లెక్కకు రావచ్చు. కార్ఖానాలోని బాలిక కథ నిజమనిపించిందో లేదో చెప్పగల అధికారం మాత్రం ఆ జీవితాన్ని ఎరిగిన ప్రేక్షకుడిదే. ఆ తీర్పును కారణాలతో సహా చెప్పగలిగిన రోజున దానిని ఎవరూ తేలిగ్గా తీసిపారేయలేరు.